తాళం వేసిన గేటు ముందు ఇరవై నిమిషాలు: స్కాట్లాండ్ టూర్లు నడిపే తెలుగు నిర్వాహకులకు బహిరంగ లేఖ

అన్నలకూ అక్కలకూ నమస్కారం.

నలభై యాభై మందిని బస్సెక్కించి, పెద్దవాళ్ళకి వేళకింత అన్నం పెట్టి, మూడు రోజులు తిప్పి క్షేమంగా ఇళ్ళకి చేర్చడం మాటలు కాదు. మీలో చాలామంది వారమంతా ఉద్యోగాలు చేసుకుని, సెలవు రోజులు దీనికి పెడుతున్నారని తెలుసు. ఆ కష్టానికి దండం. ఇక విషయానికి వస్తాను, ఎందుకంటే ఇదే విషయం మీలో ఒకరికి మూడుసార్లు మెయిల్ పెట్టాను, ఫోన్ చేశాను, చివరికి వాట్సాప్ గ్రూపులో అడిగితే జవాబు ఇవ్వకపోగా గ్రూపులోంచే తీసేశారు. వాళ్ళ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది వాళ్ళొక్కరి తప్పుగా మిగిలిపోతుంది, మిగతావాళ్ళు మనకెందుకులే అనుకుంటారు. నేను తర్వాత అడిగి చూస్తే వేరే వాళ్ళ బస్సుల్లో వెళ్ళిన మా తెలిసినవాళ్ళకీ ఇలాంటిదే జరిగిందని తేలింది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

జరిగింది ఇది.

మా నాయినది జనగామ దగ్గర పల్లెటూరు. డెబ్బై ఒకటేళ్ళు. విజిటర్ వీసా మీద వచ్చి గ్లాస్గోలో నా దగ్గర ఆరు నెలలు ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులు, చలి అంటే భయం, ఎక్కడికి పోదామన్నా "మీరు పోయి రాండ్రి" అనేవాడు. అక్టోబర్‌లో ఒక తెలుగు గ్రూప్ ఆర్క్నీ దీవులకి మూడు రోజుల టూర్ వేసింది. స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఉన్న దీవులవి. ప్రోగ్రాం షీట్‌లో రెండో రోజు కింద కిర్క్‌వాల్ పట్టణం, సెయింట్ మాగ్నస్ కథీడ్రల్, ఎర్ల్ ప్యాలెస్, ఎంట్రీ టికెట్ కలిపి అని రాసి ఉంది. పక్కన ప్యాలెస్ ఫోటో. పైకప్పు లేదు, గోడలు మాత్రం నిటారుగా ఉన్నాయి, పై అంతస్తులో గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన పెద్ద పెద్ద కిటికీలు, మూలల్లో గుండ్రటి బురుజులు. నాయిన ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూసి "ఇది మన గడి లెక్కనే ఉన్నది గద బిడ్డా" అన్నాడు. గడి అంటే మా వైపు దొరలు ఉండే కోటలాంటి ఇల్లు. ఆయన టూర్‌కి ఒప్పుకున్నదే ఆ ఫోటో చూసి.

తెల్లవారక ముందే గ్లాస్గోలో ఎక్కితే స్క్రాబ్‌స్టర్ రేవుకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కణ్ణుంచి ఫెర్రీలో గంటన్నర. ఆ మధ్యలో దాటేది పెంట్‌లాండ్ ఫర్త్, అట్లాంటిక్ సముద్రమూ నార్త్ సీ కలిసే జలసంధి, ప్రవాహం గట్టిది, ఆ రోజు గాలి కూడా ఉంది. నాయినకి రెండుసార్లు వాంతులయ్యాయి. అయినా పొద్దున్నే లేచి స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని అందరికంటే ముందు బస్సులో కూర్చున్నాడు. బ్రాడ్గర్‌లో వలయంగా నిలబెట్టిన పాతకాలపు రాళ్ళు, స్కారా బ్రే అనే రాతియుగపు ఊరు, తర్వాత భోజనం, తర్వాత షాపింగ్ అని ఒక గంట. కిర్క్‌వాల్‌లో బస్సు ఆగేసరికి నాలుగు దాటింది. కథీడ్రల్ పదిహేను నిమిషాల్లో చూపించి రోడ్డు దాటించారు.

గేటుకి తాళం.

సీజన్ అయిపోయిందని బోర్డు ఉంది. అది ఆ రోజు పెట్టిన బోర్డు కాదు. వేసవి నెలల్లోనే లోపలికి పంపిస్తారు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా అనుకోండి, ఆ సంగతి ఎవరు వెతికినా రెండు నిమిషాల్లో దొరుకుతుంది. మా ముందే మా నిర్వాహకుడు ఫోన్ తీసి చూసి, ఆ తర్వాత మైక్‌లో "ఫ్రెండ్స్, లోపల ఏమీ ఉండదు, ఉత్త గోడలే, బయట నుంచే వ్యూ బాగుంటుంది, ఇరవై నిమిషాలు ఫోటోలు తీసుకోండి" అన్నాడు. కొంతమంది గోడ ఎక్కారు. పులిహోర పెట్టిన కాగితం ప్లేట్లు గాలికి చెట్ల కిందికి కొట్టుకుపోయాయి. అక్కడి ఆవిడ ఒకామె, మా నాయిన ఈడుది, కుక్కని తిప్పడానికి వచ్చినట్టుంది, ఒక్క మాట అనకుండా వంగి ఆ ప్లేట్లు ఒక్కొక్కటీ ఏరి తన సంచిలో వేసుకుంది. నేను పరుగెత్తి వెళ్ళి మిగతావి ఏరాను. ఆమె నన్ను చూసి నవ్వింది కూడా. ఆ నవ్వుకి నాకు తల కొట్టేసినట్టయింది.

నాయిన గేటు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి నిర్వాహకుడి వైపు తిరిగి అడిగాడు: "అయ్యా, గీ గోడలు ఎవలు కట్టిండ్రు? కూలి ఇచ్చిండ్రా?"

"అంకుల్, ఇది రాజుగారు రాణీగారి మీద ప్రేమతో కట్టించిన ప్యాలెస్" అని జవాబు.

నాయిన ఇంకేమీ అడగలేదు. బస్సులో గ్లాస్గో దాకా దాదాపు మాట్లాడలేదు. నవంబర్ చివర్లో వీసా గడువు అయిపోతుందని ఇండియా వెళ్ళిపోయాడు. మోకాళ్ళ సంగతి డాక్టర్ చెప్పాక ఇక ఇంత దూరం విమానంలో రాడు, రాలేడు.

నేను మే నెలలో మళ్ళీ వెళ్ళాను, ఒక్కదాన్నే. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే వెళ్ళాను. మైక్‌లో మీరు చెప్పిన కథకీ అక్కడి చరిత్రకీ ఎంత దూరం ఉందో మీకు తెలియాలి కాబట్టి, కొంచెం ఓపిగ్గా ఈ భాగం చదవండి.

ఆ ప్యాలెస్ కట్టించినవాడు రాజు కాదు. పాట్రిక్ స్టువర్ట్, ఆర్క్నీకి రెండో ఎర్ల్, అంటే మన లెక్కలో పెద్ద జాగీర్దారు. ఇతని తండ్రి రాబర్ట్ స్టువర్ట్, స్కాట్లాండ్ రాజు ఐదో జేమ్స్‌కి పెళ్ళి బయట పుట్టిన కొడుకు, అంటే స్కాట్లాండ్ రాణి మేరీకి సవతి అన్న వరస. అతను కూడా ఆ దీవిలోనే బర్సే అనే చోట ఒక ప్యాలెస్ కట్టించుకున్నాడు. అసలు ఈ దీవులు స్కాట్లాండ్‌వే కావు. నార్వే వాళ్ళవి. 1468లో డెన్మార్క్-నార్వే రాజు తన కూతురు మార్గరెట్‌ని స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్‌కి ఇస్తూ, కట్నం డబ్బు సర్దలేక ఆర్క్నీని తాకట్టు పెట్టాడు. మరుసటి ఏడు షెట్‌లాండ్‌ని పెట్టాడు. ఆ తాకట్టు ఎప్పటికీ విడిపించలేదు. కట్నం కింద మనుషులతో సహా దీవులు చేతులు మారాయి. ఇలాంటి కథ మన అమ్మానాన్నలకి చెప్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, ఎవరూ చెప్పరు.

పాట్రిక్ 1593 నుంచి ఎర్ల్. పక్కనే బిషప్ ప్యాలెస్ ఉంది, 12వ శతాబ్దం నాటిది, కథీడ్రల్‌తో పాటు కట్టింది. లార్గ్స్ దగ్గర స్కాట్లాండ్ వాళ్ళతో యుద్ధం చేసి వెనక్కి తిరిగిన నార్వే రాజు హాకోన్ 1263 డిసెంబర్‌లో అందులోనే జబ్బు చేసి చనిపోయాడు. అంతటి పాత భవనం పాట్రిక్‌కి చాలలేదు. దాని పక్కన 1607 ప్రాంతంలో కొత్త ప్యాలెస్ మొదలుపెట్టాడు, రెండూ కలిపి ఒకే పెద్ద నివాసం చెయ్యాలని ఆలోచన. ఆ స్థలం ఎలా వచ్చిందంటే, స్థలం యజమాని మీద దొంగతనం కేసు బనాయించి ఉరి తీయించాడని చెప్తారు. పని ఎవరు చేశారంటే, దీవుల్లో రైతులు, వాళ్ళ కింద కౌలుకి చేసుకునేవాళ్ళు. తర్వాత ఎర్ల్ మీద రాజుగారి కొలువులో పెట్టిన నేరారోపణల్లో ఇది వివరంగా ఉంది: జనంతో పడవలు నడిపించాడు, రాతి గనుల్లో పని చేయించాడు, రాళ్ళు, సున్నం పడవలకి ఎక్కించాడు, గోడలు పెట్టించాడు, తిండి పెట్టలేదు, తాగడానికి ఇవ్వలేదు, కూలి ఇవ్వలేదు.

దీన్ని మన ఊళ్ళో ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. వెట్టి.

1605లో బిషప్‌గా వచ్చిన జేమ్స్ లా అనే ఆయన జనం గోడు ఎడిన్‌బరోకి చేర్చాడు. ఎర్ల్‌ని పిలిపించి బంధించారు. అప్పుల్లో మునిగినవాడు, జైల్లో ఉండి కూడా ఊరుకోలేదు, 1614లో కొడుకు రాబర్ట్‌ని పంపి తిరుగుబాటు చేయించాడు. ఆ కుర్రాడు బర్సేలో తాత ప్యాలెస్, కిర్క్‌వాల్ కోట, కథీడ్రల్ పట్టుకుని కూర్చుంటే కేత్‌నెస్ ఎర్ల్ ఫిరంగులతో వచ్చి ముట్టడించాడు. కోట లొంగిపోయాక దాన్ని కూల్చేశారు. కథీడ్రల్‌ని కూడా కూల్చాలనుకుంటే బిషప్ అడ్డుపడి కాపాడాడని చెప్తారు. 1615 జనవరిలో కొడుకుని ఉరి తీశారు. ఫిబ్రవరి 6న తండ్రికి ఎడిన్‌బరోలో తల నరికారు. చనిపోయే ముందు చెప్పుకోవాల్సిన ప్రభువు ప్రార్థన కూడా ఆయనకి రాదని, అది నేర్చుకునేదాకా శిక్ష కొద్ది రోజులు ఆపారని అక్కడ చెప్పుకుంటారు. ఇంత చేసి కట్టుకున్న ఇంట్లో అతను ఉన్నది కొద్ది కాలమే. తర్వాత బిషప్పులు అప్పుడప్పుడు ఉన్నారు, 1688 దాకా. 18వ శతాబ్దంలో పైకప్పు పోయింది, పాడుబడింది.

ఇందులో రాణీగారి మీద ప్రేమ ఎక్కడుంది?

లోపల ఏమీ ఉండదని మైక్‌లో అన్నారు కదా. నేను లోపల మూడున్నర గంటలు ఉన్నాను. కింది అంతస్తు అంతా రాతి కమాను కప్పుల గదులు, సామాను కొట్లు, వంటిల్లు. చీకటి, తడి వాసన, ఎండాకాలంలో కూడా చలి. వంటింట్లో పొయ్యి ఎంత పెద్దదంటే అందులో మనిషి నిలబడచ్చు. అక్కణ్ణుంచి పైకి వెళ్ళే మెట్లు ఆ కాలపు కోటల్లోలాగా గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లు కావు, వెడల్పుగా, తిన్నగా, మధ్యలో ఆగడానికి చదరాలతో ఉన్న మెట్లు. వచ్చే అతిథి ఆయాసపడకుండా దర్జాగా ఎక్కాలని కట్టినవి. ఫ్రాన్స్‌లో ఫ్యాషన్‌గా ఉన్న రినైసాన్స్ పద్ధతి అంతా ఈ మూల దీవిలో దింపాడు, స్కాట్లాండ్‌లో మిగిలిన రినైసాన్స్ కట్టడాల్లో ఇది మేలైన వాటిలో ఒకటని నిపుణులు రాస్తారు, చూస్తే ఒప్పుకోవాల్సిందే. పైన పెద్ద హాలు. పైన ఆకాశం. గోడంత పొయ్యి, పొడుచుకొచ్చిన కిటికీలు, వాటిలోంచి చెట్లు. ఆర్క్నీలో చెట్లు అరుదు, గాలికి నిలవవు, ఈ ప్యాలెస్ చుట్టూ మాత్రం పెద్ద చెట్లున్నాయి. ముఖద్వారం మీద చెక్కడాలు వానకీ ఉప్పుగాలికీ అరిగిపోయి, బాగా కరిగిన సబ్బుబిళ్ళ మీద అక్షరాల్లాగా ఉన్నాయి.

అక్కణ్ణుంచి నాయినకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం, వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. హాలంతా తిప్పి చూపించాను. గోడ దగ్గరికి పొమ్మన్నాడు. ఇంకా దగ్గరికి. గోడలో పలకరాళ్ళు ఒకదాని మీద ఒకటి సన్నగా పేర్చి ఉన్నాయి, మధ్యలో సున్నం. నా చెయ్యి ఆనించి చూపించాను. "కూలి ఇచ్చిండ్రానే?" అని మళ్ళీ అడిగాడు. ఇవ్వలేదు నాయినా, అన్నం కూడా పెట్టలేదంట, అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు: "మా తాత గడికి మట్టి తోలిండు. మూడు దినాలు బండి కట్టిండు. మూడు దినాలు మా ఇంట్ల పొయ్యి ఎలగలే."

ఈ మాట నేను పుట్టి బుద్ధెరిగి ఆయన నోట వినలేదు. దొరల వెట్టికి ఎదురు తిరిగిన తెలంగాణ పోరాటంలో దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న తూటాకి పడిపోయిన కడవెండి మా ఊరికి దూరం కాదు, వెట్టి గురించి స్కూల్లో చదివాను, సభల్లో విన్నాను, మా ఇంట్లో జరిగిందని మాత్రం అప్పుడే తెలిసింది. అక్టోబర్‌లో ఆ గేటు తెరిచి ఉంటే, ఆయన ఆ గోడ మీద తన చెయ్యి పెట్టి, నా పక్కన నిలబడి చెప్పేవాడు. నేను పోగొట్టుకున్నది అది. ఎంట్రీ టికెట్ డబ్బు సంగతి తర్వాత.

ఇప్పుడు మీ ముందు పెడుతున్నవి. ఒక్కొక్కటీ ఆ బస్సులో నేను కళ్ళారా చూసిన దాని నుంచి వచ్చిందే.

1. తెరిచి ఉండే నెలలు చూసి టూర్ వెయ్యండి. డబ్బు తీసుకునే ముందు చూడండి, బస్సు దిగాక కాదు. సీజన్‌లో కూడా పాత గోడలు కాబట్టి రాళ్ళు పరీక్ష చేయడానికి కొన్ని భాగాలు మూసేస్తుంటారు, వేళలు ఏటికేడు మారుతుంటాయి, కాబట్టి బయలుదేరే ముందు వారం ఇంకోసారి చూడండి. అక్టోబర్‌లోనో మార్చ్‌లోనో వెళ్ళక తప్పదు అనుకుంటే షీట్‌లో ప్యాలెస్ ఫోటో వెయ్యొద్దు. కథీడ్రల్ ఉంది, దాని ఎదురుగా మ్యూజియం ఉంది, రెండింటికీ టికెట్ లేదు, అవి సరిగ్గా చూపించండి చాలు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరూ ఏమీ అనరు.

2. ఎంట్రీ కలిపి అని రాసి తీసుకున్న డబ్బు, లోపలికి వెళ్ళకపోతే తిరిగి ఇవ్వండి. అడిగించుకోకుండా ఇవ్వండి. మా వెనక సీట్లో ఒక అమ్మాయి ఉంది, ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ చేస్తోంది. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు, ఆ జీతంలోంచి దాచి ఈ టూర్‌కి కట్టింది, ఆ కిటికీలు బొమ్మ గీసుకోవాలని పెన్సిళ్ళు, డ్రాయింగ్ పుస్తకం తెచ్చుకుంది. ఆ పుస్తకం తెరవలేదు. రీఫండ్ అడుగుదాం రా అంటే "వద్దక్కా, రేపు రూమ్ కోసమో పార్ట్‌టైమ్ కోసమో వీళ్ళనే అడగాలి" అంది. మీ మీద ఆధారపడ్డ పిల్లలు నోరు తెరవలేరు. అది గుర్తుపెట్టుకుని మీరే ముందు ఇవ్వాలి.

3. సమయం. కథీడ్రల్, రెండు ప్యాలెస్‌లు కలిపి కనీసం రెండు గంటలు. మూడూ పక్కపక్కనే, నడక అంటూ లేదు. షాపింగ్ గంట తగ్గించండి. కథీడ్రల్‌కి పేరొచ్చిన మాగ్నస్, ఆర్క్నీ పాత ఎర్ల్, చనిపోయాక ఆయన మేనల్లుడు రోగ్న్‌వాల్డ్ 1137లో మొదలుపెట్టిన కథీడ్రల్ అది, ఎర్రరాయీ పసుపురాయీ కలిపి కట్టిన గుడి, దాన్ని పదిహేను నిమిషాల్లో దాటించడం అన్యాయం. పెద్ద ఓడల్లో టూరిస్టులు దిగే రోజుల్లో ఆ చిన్న ఊరు నిండిపోతుంది. ఏ రోజు ఏ ఓడ వస్తుందో రేవు వాళ్ళు ముందే జాబితా పెడతారు, అది చూసుకుని రోజు ఎంచుకోండి.

4. తెలియని కథ చెప్పొద్దు. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. మన పెద్దవాళ్ళకి ఇంగ్లిష్ బోర్డులు చదవడం రాదు, అక్కడి గైడ్ యాస అర్థం కాదు, వాళ్ళకి తెలుగులో మీరు మైక్‌లో ఏం చెప్తే అదే చరిత్ర. ఊరికి వెళ్ళి నలుగురికీ అదే చెప్తారు. ఎడిన్‌బరో కోట దగ్గరా ఇదే, స్టర్లింగ్ దగ్గరా ఇదే: రాజు, రాణి, ప్రేమ, యుద్ధం, ఫోటో. కట్టినవాళ్ళ మాట రాదు. మా నాయిన అడిగింది ఎంత చిన్న ప్రశ్న! తెలియకపోతే "తెలియదు అంకుల్, కనుక్కుని చెప్తాను" అంటే ఆయన సంతోషించేవాడు. అబద్ధం చెప్పి ఆయన నోరు మూయించారు. మీరు కావాలని చేశారని నేను అనను, ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పి ఉంటారు. కానీ కూలి లేకుండా గడికి మట్టి తోలినవాడి మనవడి ముందు, కూలి లేకుండా రాళ్ళు మోసి కట్టిన గోడని ప్రేమ గుర్తు అనడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఆర్క్నీలో ఇంకా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో దీవుల మధ్య అడ్డుకట్టలు వేయించింది ఇటలీ యుద్ధఖైదీల చేత, వాళ్ళే రెండు రేకుల షెడ్లు కలిపి లాంబ్ హోమ్ దీవిలో ఒక చిన్న గుడి కట్టుకుని లోపలంతా రంగులు వేశారు. కిర్క్‌వాల్ ప్యాలెస్ కట్టించిన ఎర్లే షెట్‌లాండ్‌లో స్కాలోవే కోట కూడా కట్టించాడు. చెప్పడానికి నిజాలే బోలెడున్నాయి. ప్రతి టూర్‌కి రెండు పేజీల తెలుగు కాగితం రాసి ఇవ్వండి. రాసేవాళ్ళు దొరక్కపోతే నేను రాసిస్తాను, డబ్బు వద్దు.

5. మెట్లు, నేల గురించి ముందే చెప్పండి. ప్యాలెస్‌లో నేల ఎగుడుదిగుడు, పాత రాతి మెట్లు, వాన పడితే జారుతుంది, లిఫ్ట్ లాంటిది ఊహించొద్దు. కింది గదుల దాకా అయినా చాలామంది పెద్దవాళ్ళు నెమ్మదిగా వెళ్ళగలరు, పక్కన ఒకరు చెయ్యి పట్టుకుంటే. ముందు తెలిస్తే ఇంట్లోవాళ్ళు చేతికర్ర, మంచి బూట్లు తెచ్చుకుంటారు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే వాంతుల మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూడా ముందు రోజే గుర్తు చెయ్యండి.

6. గోడలెక్కనివ్వొద్దు. చెత్త వెయ్యనివ్వొద్దు. ఈ మాట మైక్‌లో, బస్సు దిగక ముందు, మీరే చెప్పాలి.

7. ఫిర్యాదు వినడానికి ఒక మనిషిని పెట్టండి. పేరు, ఫోన్ నంబర్ షీట్ మీద వెయ్యండి. అడిగినవాళ్ళని గ్రూపులోంచి తీసేస్తే ఆ సంగతి గ్రూపులో ఉన్న మిగతా రెండు వందల మందికీ కనిపిస్తుంది, తర్వాత ఎవరూ ఏదీ అడగరు, మీకు తప్పు తెలిసే దారి కూడా మూసుకుపోతుంది.

ఇంత చిన్న విషయానికి ఇంత లేఖా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన అమ్మానాన్నలు ఈ దేశం ఎన్నిసార్లు వస్తారు? చాలామందికి ఒక్కసారి. వీసాకి బ్యాంకు కాగితాలు, ఆస్తి కాగితాలు అన్నీ పెట్టి, ఆవునీ గేదెనీ పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వస్తారు. ఆరు నెలల్లో సగం రోజులు మేము ఆఫీసుకి వెళ్తే కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంటారు. మీ టూర్ మూడు రోజులు వాళ్ళకి ఆ ఆరు నెలల్లో పెద్ద సంగతి. పిల్లలకి సెలవు దొరకదు, మాలో చాలామందికి కారు ఉండదు, ఫెర్రీ బుకింగ్, హోటల్, అంత దూరం డ్రైవింగ్ మావల్ల కాదు, అందుకే మీ దగ్గరికి వస్తాం. మీరు మానేస్తే మాకు వేరే దారి లేదు. టూర్లు ఆపమని నేను అడగడం లేదు, వచ్చే ఏడు కూడా వెయ్యండి, కిర్క్‌వాల్‌కే వెయ్యండి, మే నెలలోనో జూన్‌లోనో, రాత్రి పది దాటినా వెలుతురు ఉండే రోజుల్లో.

నేను అడుగుతున్నది ఇంతే: పై ఏడింటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో రాసి మీ మీ గ్రూపుల్లో పెట్టండి. వచ్చే సీజన్ బుకింగులు మొదలుపెట్టే లోపు పెట్టండి. అక్టోబర్ బస్సులో ఉన్న 46 మందికీ ప్యాలెస్ ఎంట్రీ డబ్బు వెనక్కి ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వండి, నా వాటా ఆ ఆర్కిటెక్చర్ అమ్మాయికి ఇచ్చెయ్యండి, తను మళ్ళీ వెళ్తుంది. నా నంబర్ మీ దగ్గర ఉంది.

కాగితం తెలుగులో రాసేటప్పుడు ఎర్ల్ పేరుతో పాటు రాతి గనుల్లో పని చేసినవాళ్ళ సంగతి మొదటి పేరాలోనే రాయండి. ఒక కాపీ జనగామకి పోస్టు చేస్తాను. నాయిన కళ్ళద్దాలు పెట్టుకుని తెలుగు బాగానే చదువుతాడు.

ఇట్లు,
మీ బస్సులో 31వ సీటులో కూర్చున్న ఆయన బిడ్డ,
గ్లాస్గో